తడ దారిలో వేగమును గనిపెట్టు కన్ను

చెన్నపట్టణమునుండి నెల్లూరునకు మోటారులో బోవువారికి ఆరంబాకము దాటగనే అరవ అక్షరములు తగ్గి తెలుగు అక్షరములు కానవచ్చును. అదియే తడ. చిరకాలము నెల్లూరు జిల్లాకు దక్షిణపు కొసగా నుండిన యీ యూరు 2022 ఏప్రిలులో తిరుపతి జిల్లాలో జేరినది. తూర్పున పులికాటు సరస్సు, పడమట శ్రీసిటీ కర్మాగారములు, నడుమ 16వ నంబరు జాతీయ రహదారి. చలికాలమున సరస్సులోని ఫ్లెమింగో పక్షులను జూడవచ్చువారును, సెలవుదినములలో ఉబ్బలమడుగు జలపాతమునకు మోటారుసైకిళ్ళపై బోవు పట్టణపు పిన్నవాండ్రును, కర్మాగారములకు ఆడపిల్లలను గొనిపోవు బస్సులును, కలకత్తా దారి బట్టిన లారీలును అందరును ఈ రహదారినే నమ్ముకొని యున్నారు. నెత్తిన గంపతో ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు దాటవలసిన అవ్వకును ఇది తప్ప వేరు దారి లేదు.

ఈ దారిలో బండ్లు ఎంత వేగముగా బోవలెను, ఆ వేగమును ఎవరు కనిపెట్టవలెను అను విషయము మగవారి మాటగా గదా మనము వదలివైచుచుందుము. అది మన యింటిలోనికి ఎట్లు వచ్చినదో వినుడు.

మాకు బాగుగా దెలిసిన యొక గృహిణికి ఒకనాడు చేతి ఫోనునకు సందేశము వచ్చినది. ఆమె వాహనము నియమిత వేగమును మించి పోయినదనియు, వేయి రూపాయలు జరిమానా చెల్లింపవలెననియు దాని సారాంశము. ఆమె పుట్టిన తరువాత స్టీరింగు చక్రమును ముట్టి యెరుగదు. సందేశములో జెప్పిన వేళకు ఆమె మేడమీద అప్పడములు ఎండబెట్టుచుండెను! కారు తన పేర నుండుటయే ఆమె చేసిన నేరము. భర్తగారిని అడుగగా, అందరును అట్లే పోవుచుండగా తానొక్కడనే చిక్కితినని ఆయన విసుగుకొనిరట.

సోదరీమణులు ఇచ్చట నొక సంగతి గుర్తుంచుకొనవలెను. ఇప్పుడు ఎన్నో యిండ్లలో బండ్లు స్త్రీల పేర కొనబడుచున్నవి. కెమెరాకు నడపువాని మొగముతో పనిలేదు. నంబరు పలకతోనే పని. ఆ నంబరు ఎవరి పేర నున్నదో వారికే నోటీసు వచ్చును. 1988 మోటారు వాహనముల చట్టము 133వ సెక్షను ప్రకారము, అధికారి అడిగినచో ఆనాడు బండి నడిపినదెవరో చెప్పవలసిన బాధ్యతయు యజమానిదే. కాగా భర్త పేరు చెప్పవలసిన దినము భార్యకు వచ్చినను రావచ్చును.

ఈ సంగతి మనసులో బెట్టుకొని, మేము తడవద్ద దారి ప్రక్క కాఫీ తాగ నిలచినవారిని కొందరిని విచారించితిమి. కారులవారందరును మొదట చెప్పినది ఒక్కటే మాట: చాటున నిలచి పట్టుకొనుట న్యాయము కాదు! ఈ మాట క్రొత్తది కాదు. ఇంగ్లండులో 1896 లోనే వాల్టర్ ఆర్నాల్డు అను నాతడు, గంటకు 2 మైళ్ళకు మించరాని చోట 8 మైళ్ళ వేగముతో మోటారు నడపగా, పోలీసు జవాను సైకిలుపై తరిమి పట్టుకొనెను. జరిమానా ఒక షిల్లింగు. ఆ దేశపు మోటారుదారులు 1905 లో ఆటోమొబైలు అసోసియేషనును స్థాపించిన మొదటి ఉద్దేశములలో నొకటి, పోలీసువారు ఎచ్చట పొంచియున్నారో సభ్యులకు ముందుగా దెలియజేయుట. మన లారీవాండ్రు ఎదురుబండికి దీపము మినుకుమని చూపి హెచ్చరించుటయు ఆ విద్యయే. దానికి సంఘము, చందాలు అక్కరలేకపోయినవి.

విచిత్రమేమనగా, ఈ కెమెరాను మనకిచ్చినవాడును వేగప్రియుడే. మారిస్ గాట్సోనిడెస్ అను డచ్చి దేశపు పందెగాడు, 1953 లో మాంటికార్లో పందెమును గెలిచినవాడు, మలుపులలో తన కారు ఇంకను వేగముగా బోవు ఉపాయము దెలిసికొనుటకై వేగమును కొలుచు పరికరమును కల్పించెను. అదియే తరువాత పోలీసువారి చేతికి వచ్చినది.

చాటు మాట కట్టిపెట్టుటకు మన దేశములో నియమము లేకపోలేదు. 2021 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వమువారు ప్రకటించిన నియమముల ప్రకారము, కెమెరా కనిపెట్టుచుండు దారికి ముందుగనే హెచ్చరిక పలక స్పష్టముగా గానవచ్చునట్లు నిలుపవలెను. తప్పు జరిగిన పదునైదు దినములలోపల నోటీసు పంపవలెను. యంత్రము సరిగా పనిచేయుచున్నదని ఏటేట ధ్రువపత్రము పొందవలెను. పోలీసు జవాను కంటి అంచనా మాత్రముతో, యంత్రపు ఆధారము లేక, ఎవరిని గాని అతివేగమునకు శిక్షింపరాదని 183వ సెక్షనులోనే యున్నది. ఆ కాఫీ అంగడిలో యంత్రమును తిట్టిన పెద్దమనుష్యులకు, అదే యంత్రము తమకు రక్షణ యని తోచినట్లు లేదు.

రెండవ ఫిర్యాదులో కొంత సత్యము కలదు. వేగపు హద్దు ఎచ్చట ఎంతయో తెలియుట లేదని వారి మాట. 2018 ఏప్రిలులో కేంద్రమువారి ప్రకటన, మధ్య గట్టు గల నాలుగు వరుసల రహదారిపై కారులకు గంటకు 100 కిలోమీటర్లు, బస్సులకు 90, సరుకు లారీలకు 80 అని హద్దులు పెట్టినది. 2021 లో మదరాసు హైకోర్టువారు, వేగము పెంచుట ప్రాణములకు ముప్పు అని ఆ ప్రకటనను కొట్టివేసిరి. దంతవైద్యురాలగు ఒక యువతి రోడ్డు ప్రమాదములో అశక్తురాలై పోగా, ఆమె నష్టపరిహారపు కేసులో ఈ తీర్పు వచ్చినది. న్యాయమూర్తుల మాట అట్లుండగా, ఊరు వచ్చినచో 100 అను పలక 80 గను, మరికొంత దూరమునకు 40 గను మారును. మర్రికొమ్మ చాటున నున్న పలకను చదువలేదని జరిమానా వేసిన మంట పుట్టదా? పుట్టును. చెట్టుకొమ్మ నరికించుట కెమెరా కొనుటకంటె చవుక.

మూడవది ధనాగమపు మాట. 2019 వరకు మొదటి తప్పునకు జరిమానా 400 రూపాయలకు మించకుండెను. ఆ యేటి సవరణతో చిన్న బండ్లకు 1000 మొదలు 2000 వరకు, మధ్యతరగతి, పెద్ద బండ్లకు 2000 మొదలు 4000 వరకు పెరిగినది. ఇది సర్కారు ఖజానా నింపుటకే యని ఒకాయన బల్ల గ్రుద్ది చెప్పిరి. అట్లయినచో ఆ ఖజానాకు ఒక్క కాసు రాకుండ చేయుట ఆయన కుడికాలి యందే యున్నది గదా యని మేము మనసులో అనుకొంటిమి, పైకి అనలేదు.

లారీవాండ్ర మాట వేరు. 2015 అక్టోబరు తరువాత తయారైన సరుకు లారీలకు 80 కిలోమీటర్లు మించనీయని వేగనియంత్రకము ఉండవలెనని నియమము. వారి బాధ కెమెరా కాదు, కాలము. సరుకు తెల్లవారునప్పటికి చేరవలెనని యజమాని ఫోను మీద ఫోను చేయుచుండును. 1961 మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు ఎనిమిది గంటల పనియే యనినది. ఆ చట్టము పేరు విని మాతో మాటలాడిన డ్రైవరు నవ్వెను. నిద్ర లేని కన్నును పట్టు కెమెరా వచ్చినచో బాగుండునని అతడనెను. ఆనాడు విన్న మాటలలో మాకు మిక్కిలి నచ్చినది ఇదియే.

అందరివలెనే వేగము కోరువారికి ఒక చిన్న లెక్క చెప్పుదుము. గంటకు 100 కిలోమీటర్లు పోవు బండి ఒక్క సెకండులో సుమారు 28 మీటర్లు సాగును. ఎదుట మనిషిని జూచి కాలు బ్రేకుపై బడుటకే ఒక సెకండు పట్టును. తరువాత, పొడి రోడ్డుమీద మంచి బ్రేకులతో ఆగుటకు ఇంకొక 55 మీటర్లు, మొత్తము 83. వేగము 80 అయినచో మొత్తము 57 మీటర్లే. అనగా 80తో వచ్చినవాడు ఆగిన చోట, 100తో వచ్చినవాడింకను అతివేగముతోనే పోవుచుండును. ఇంత చేసి మిగులు కాలమెంత? నూరు కిలోమీటర్ల దారికి పదునైదు నిమిషములు. 2022 లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది చనిపోయిరనియు, అందు నూటికి 71 మంది మరణమునకు అతివేగము కారణమనియు కేంద్ర రవాణాశాఖవారి లెక్క.

దారి ప్రక్క పండ్లు అమ్ము నొక యిల్లాలిని గూడ అడిగితిమి. నడుమ గట్టు తెగిన చోట దాటునప్పుడు బండి ఎంత దూరములో నున్నదో ఆమెకు దెలియును గాని, ఎంత వేగముతో వచ్చుచున్నదో దెలియదట. కెమెరా పెట్టినను మానినను, తన పిల్లలు బడికి దాటు చోట పెట్టుడని ఆమె కోరినది. కారులవారి అభిప్రాయములను పత్రికలు చాల అచ్చొత్తినవి. ఈమె అభిప్రాయమును అడుగువారు లేరు.

మా మట్టుకు మాకు దాచిన కెమెరాకంటె కానవచ్చు కెమెరాయే మేలు. దాచినది డబ్బు తెచ్చును, కానవచ్చునది కాలిని బ్రేకుపై నుంచును. ఐతే దానిని దాటగనే మరల పరుగులిడుదురు. దీనికి మందు, దారిలో రెండు చోట్ల కెమెరాలుంచి, ఒకదానినుండి రెండవదానికి పట్టిన కాలముచే సగటు వేగము కట్టుట. ఐదవ తరగతి పిల్లలు చేయు లెక్కయే యిది. విదేశములలో ఈ పద్ధతి వాడుకలో నున్నది.

అన్నట్లు, మనమును కొంత దోషులమే. అన్నము చల్లారిపోవుచున్నది, ఇంకను ఎచ్చట నున్నారని దారిలో నున్నవారికి ఫోను చేయుదుము గదా.

ఆ గృహిణి జరిమానా చెల్లించినది. ఇంటి ఖర్చు డబ్బులోనుండి కాదు, భర్తగారి సిగరెట్ల పద్దులోనుండి. 2019 జులై తరువాత తయారైన కారులలో వేగము 80 దాటిన అప్పుడప్పుడును, 120 దాటిన ఎడతెగకయు మ్రోగు గంట యొకటి కలదు. ఆయన పాటలు గట్టిగా పెట్టి దానిని వినకుండెడివారట. మొన్న నెల్లూరునకు బోవునప్పుడు ఆమె ముందు సీటున గూర్చుండి, తడ దాటగనే పాటలు ఆపివేసినది. బోవునప్పుడు ఆ గంట ఎడతెగక రెండు మారులు మ్రోగినదట. తిరిగి వచ్చునప్పుడు ఒక్కమారును లేదు.