పున్నమి మిత్రులు

జేమ్స్ వాట్ అను బాలుడు పొయ్యిమీద మరుగుచున్న నీటిపాత్ర మూత ఎగురుట చూచి ఆవిరి యంత్రమును కనిపెట్టెనను కథ మీరు వినియే యుందురు. మా తరమువారమును దానిని చదువుకొనియే పెద్దవారమైతిమి. కథ ముచ్చటగానే యున్నది. కాని వాట్ పుట్టిన 1736 నాటికే న్యూకోమెన్ అనునతడు చేసిన ఆవిరి యంత్రములు ఇంగ్లండులోని గనులలో నీరు తోడుచుండెను. వాట్ కనిపెట్టినది ఆవిరి యంత్రమును కాదు, దానిలోని ఒక పెద్ద లోపమునకు చికిత్సను. అంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి కలదు. ఆ చికిత్స అతని మనస్సున మెరసిన నాటినుండి, అది గనివద్ద పనిచేయు యంత్రమగు వరకు పదునొకండు సంవత్సరములు పట్టెను. ఆ కాలములో అతడు అప్పులపాలయ్యెను; భాగస్వామి దివాలా తీసెను; భార్య మరణించెను. మూత ఎగిరిన కథలో ఇవి యేవియు లేవు. ఆ దినములలో అతనిని నిలువబెట్టిన మిత్రుల ప్రసక్తియు లేదు.

వాట్ స్కాట్లండులోని గ్రీనాక్ అను రేవు పట్టణమున జన్మించెను. తండ్రి వ్యాపారమున నష్టపోయినవాడు. కొడుకు లండనులో ఒక సంవత్సరము మాత్రము గణిత పరికరములు చేయుట నేర్చుకొని గ్లాస్గోకు వచ్చెను. శిష్యరికము పూర్తిగా చేయనివాడు పట్టణములో దుకాణము పెట్టరాదని అచ్చటి వృత్తిసంఘమువారు అడ్డుచెప్పిరందురు. అప్పుడు విశ్వవిద్యాలయమువారు 1757లో తమ ఆవరణముననే అతనికి పనిచేసికొనుటకు చోటు చూపిరి. ఆ చిన్న కర్మశాలకు జోసెఫ్ బ్లాక్ అను రసాయన శాస్త్రాచార్యుడు తరచుగా వచ్చి కూర్చుండెడివాడు. ఆవిరిలో దాగియుండు ఉష్ణమును గూర్చి పరిశోధించిన మహనీయుడాయన. పరికరములు చేయు పనివాడని చులకన చేయక, వాట్‌తో సమానునివలె చర్చించెడివాడు. అవసరమైనప్పుడు ధనమును అప్పుగా ఇచ్చెడివాడు.

1763లో విశ్వవిద్యాలయమునందలి న్యూకోమెన్ యంత్రపు నమూనా యొకటి బాగుచేయుటకై వాట్ చేతికి వచ్చెను. ఆ యంత్రము పనిచేయు విధమును కొంచెము తెలిసికొందము. నిలువుగా నుండు సిలిండరులో ఆవిరి నింపుదురు. పిమ్మట లోపలికి చన్నీరు చిమ్ముదురు. ఆవిరి చల్లబడి నీరగును, లోపల శూన్యమేర్పడును, వెలుపలి గాలి యొత్తిడికి పిస్టను క్రిందికి దిగును. దానికి తగిలించిన దూలము రెండవ కొన పైకి లేచి గనిలోని నీటిని తోడును. మరల ఆవిరి పంపవలెను. కాని సిలిండరు చల్లబడి యున్నది కదా! క్రొత్త ఆవిరిలో చాల భాగము దానిని వేడిచేయుటకే వ్యయమగును. వండుచున్న కుండను మాటిమాటికి దించి చన్నీట ముంచి మరల పొయ్యి కెక్కించు ఇల్లాలిని తలచుకొనుడు. ఆమెకు ఎన్ని కట్టెలు చాలును?

1765లో ఒక ఆదివారము గ్లాస్గో పచ్చికబయలున నడచుచుండగా వాట్‌నకు ఉపాయము తోచెను. ఆవిరిని సిలిండరులోనే చల్లార్చనేల? ప్రక్కనే వేరొక పాత్ర నుంచి, ఆవిరిని దానిలోనికి పోనిచ్చి, అక్కడ చల్లార్చిన చాలును. సిలిండరు ఎల్లప్పుడును వేడిగా నుండును. ఈ రెండవ పాత్రయే కండెన్సరు. వినుటకు ఎంత సులభము! కాని బల్లమీది బొమ్మ పనిచేయుట వేరు, గనివద్ద యంత్రము పనిచేయుట వేరు.

దీనికి ధనము పెట్టిన మొదటివాడు జాన్ రోబక్ అను పారిశ్రామికుడు. వాట్ అప్పులు సుమారు వేయి పౌనులు తాను భరించి, పేటెంటునకగు వ్యయమును తానే ఇచ్చి, ప్రతిగా అందు మూడింట రెండు పాళ్ళు తీసికొనెను. 1769లో పేటెంటు వచ్చెను. అదే యేట కిన్నీల్ అనుచోట పెద్ద యంత్రమును నిలిపిరి. అది సరిగా పనిచేయలేదు. ఆనాటి కమ్మరులు పోతపోసిన సిలిండరు లోపల గుండ్రముగా లేదు. పిస్టను చుట్టును ఆవిరి కారిపోవుచుండెను. ఆ సందులు మూయుటకు వాట్ నూనెగుడ్డలు, కాగితము, పాత టోపీలు, తుదకు గుఱ్ఱపు పేడ కూడ పెట్టి చూచెను. ఏదియు నిలువలేదు. సంసారము గడుపుకొనుటకై అతడు కాలువలకు భూమి కొలుచు పనికి పోవలసివచ్చెను. 1773లో స్కాట్లండు ఉత్తరపు కొండలలో సర్వే చేయుచుండగా భార్యకు ప్రాణము మీదికి వచ్చినదని కబురందెను. అతడు ఇల్లు చేరులోపలనే ఆమె కన్నుమూసెను. అదే యేట రోబక్ గనులలో నీరు నిండి అతడును దివాలా తీసెను. అతని ఋణదాతలు ఆస్తులను పంచుకొనునప్పుడు ఈ యంత్రపు హక్కునకు గవ్వ విలువయైనను కట్టలేదు.

ఒక్కడు మాత్రము కట్టెను. బర్మింగుహామ్ సమీపమున సోహో అనుచోట గుండీలు, కట్టుబిళ్ళలు, వెండి సామగ్రి చేయు కర్మాగారమును నడుపు మాథ్యూ బోల్టన్. రోబక్ తనకు బాకీయున్న 1200 పౌనులకు బదులు ఆ యంత్రపు హక్కును తీసికొనుటకు అతడు ఒప్పుకొనెను. అంతకు పూర్వమొకసారి, మూడు జిల్లాలలో మాత్రము యంత్రములు చేసికొనుటకు రోబక్ అనుమతి నీయజూపగా, మూడు జిల్లాలకు చేయుట లాభము లేదు, లోకమంతటికిని చేయవలెనని బోల్టన్ నిరాకరించెను. అంత ధైర్యము ఆతనికెట్లు వచ్చెను? ఆతడొంటరివాడు కాడు. ఇచ్చటనే మన కథలోనికి పున్నమి వచ్చుచున్నది.

బర్మింగుహామ్ చుట్టుప్రక్కల కొందరు మిత్రులు నెలకొకసారి ఎవరో యొకరి యింట మధ్యాహ్న భోజనమునకు కూడి, రాత్రివరకు మాటలాడుకొనెడివారు. వీథి దీపములు లేని కాలము. అందుచేత తిరిగి పోవునప్పుడు దారి కనబడునట్లు పున్నమికి దగ్గరి దినము నెన్నుకొనిరి. దానివలననే ఆ గోష్ఠికి చంద్ర సంఘమని పేరు వచ్చెను. ఆంగ్లమున పిచ్చివానికి గల పేరొకటి చంద్రుని పేరునుండియే పుట్టినది. ఆ శ్లేషతో వారు తమ్ము తామే పరిహసించుకొనెడివారు. సభ్యులు ఎప్పుడును పదునాలుగుమందికి మించలేదు. వైద్యుడు ఎరాస్మస్ డార్విన్, కుండల వర్తకుడు వెడ్జివుడ్, గాజు, రసాయనముల పరిశ్రమలు నడపిన కీర్, తరువాత వచ్చి చేరిన ప్రీస్ట్లీ మొదలగువారు అందుండిరి. వీరందరిని మొదట కూర్చినవాడు విలియం స్మాల్ అను నెమ్మదియైన వైద్యుడు. అంతకు పూర్వమతడు అమెరికాలో జెఫర్సనునకు గురువు. వాట్ కిన్నీల్‌లో నిరాశపడిన సంవత్సరములలో స్మాల్ అతనికి ఉత్తరము మీద ఉత్తరము వ్రాయుచుండెను. పేటెంటు పత్రమును ఎట్లు వ్రాయవలెనో చెప్పినవారిలో అతడొకడు. 1775లో స్మాల్ మరణించెను. వాట్ యంత్రము లోకమునకు ఉపయోగపడుటను అతడు చూడనేలేదు.

ఈ మిత్రులకు వైఫల్యము సిగ్గుచేటు కాదు, చర్చించదగిన విషయము. వెడ్జివుడ్‌ను చూడుడు. జాస్పర్ అను క్రొత్త మట్టిపాత్రలకై అతడు వేలకొలది ముక్కలు కాల్చి చూచెను. ప్రతి ముక్కకు ఒక సంఖ్య యిచ్చి, అది పగిలెనా, రంగు చెడెనా అని పుస్తకమున వ్రాసికొనెను. నేను పాఠము చెప్పిన దినములలో లెక్క తప్పిన పుటను చింపివేసి క్రొత్త పుటలో మొదలుపెట్టు పిల్లలను ఎందరినో చూచితిని. వారికి ఈ పుస్తకపు సంగతి చెప్పెడివాడను. చింపిన పుటలో ఏ మెట్టున తప్పితిమో తెలియదు కదా!

వీరు ఒకరినొకరు పొగడుకొను భట్రాజులు కారు. అందమైన పూలకుండీల వ్యాపారమున వెడ్జివుడ్, బోల్టన్ పోటీదారులు. యంత్రముల వ్యాపారములో భాగస్వామిగా చేరుమని అడిగినప్పుడు, అందులోని అప్పుల అపాయమును చూచి కీర్ ఒప్పుకొనలేదు. అయినను స్నేహము చెడలేదు. కాదని చెప్పగల మిత్రుడు దొరకుట అరుదు.

వాట్ 1774లో బర్మింగుహామ్ చేరెను. కిన్నీల్ యంత్రము ముక్కలుగా సోహోకు వచ్చెను. ఆ యేడే విల్కిన్సన్ అను ఇనుప వర్తకుడు ఫిరంగులను తొలిచుటకు క్రొత్త యంత్రము చేసియుండెను. ఆ పద్ధతి ననుసరించి అతడు యాబది అంగుళముల వ్యాసము గల సిలిండరును తొలువగా, లోపలి తేడా ఒక షిల్లింగు నాణెపు మందమునకు మించలేదు. గుఱ్ఱపు పేడతో మూయలేని సందు ఇట్లు మూతపడెను. పేటెంటును పార్లమెంటు 1800 వరకు పొడిగించెను. 1776 మార్చిలో టిప్టన్ దగ్గరి బొగ్గుగనిలో యంత్రము నడచెను. యజమానులవద్ద వీరు వసూలు చేసినది పాత యంత్రముతో పోల్చగా మిగిలిన బొగ్గు విలువలో మూడవ వంతు. ఆ పిమ్మటను కష్టములు తీరలేదు. కార్న్‌వాల్ గనులవారు సొమ్ము చెల్లించుటకు గొణుగుచుండిరి. బోల్టన్ అప్పులలో మునిగెను. వాట్ తలనొప్పులతో, దిగులుతో ఉత్తరములు వ్రాయుచుండెను. బోల్టన్ ధైర్యము చెప్పుచుండెను.

అంతమాత్రమున వీరిని దేవతలని తలపవలదు. కష్టమున తోడు పొందిన వాట్ పేటెంటు పేరిట హార్న్‌బ్లోవర్ మొదలగు ఇతర యంత్రకారులను న్యాయస్థానములకు ఈడ్చెను. తాను నడచిన త్రోవలో మరియొకడు నడచుటకు అతడు చోటీయలేదు. ఇది నా మనస్సునకు ఎన్నడును రుచింపలేదు. మిత్రుల శక్తికిని మేర యుండెను. 1791 జూలైలో అల్లరిమూక ప్రీస్ట్లీ యిల్లును, పుస్తకములను, ప్రయోగశాలను ధ్వంసము చేయగా, బోల్టన్, వాట్ తమ పనివారికి ఆయుధములిచ్చి సోహోను కాపాడుకొనగలిగిరేకాని ఆ యింటిని కాపాడలేకపోయిరి. మిత్రులు ధనసాహాయ్యము చేసిరి. ప్రీస్ట్లీ 1794లో అమెరికాకు వెడలిపోయెను.

దివాలా తీసిన రోబక్ అదే యేట కిన్నీల్‌లో మరణించెను. బోల్టన్ 1809లో పోయెను. పున్నమినాటి విందులకు వచ్చువారు క్రమముగా తగ్గిరి. 1813లో సంఘమునకు మిగిలిన శాస్త్రగ్రంథములు ఎవరికి చెందవలెనో తేల్చుటకు చీట్లు వేసిరి. అవి గాల్టన్ అను సభ్యునకు దక్కెను.