గొల్ల, కురుమ ఒకటే కులమా? సర్టిఫికెట్ దగ్గర తేడా ఎక్కడ వస్తుంది?

ఝరాసంగం: బక్రీద్ దగ్గర పడితే జహీరాబాద్ వైపు ఊళ్లలో పొట్టేళ్ల బేరానికి తిరిగేవాళ్లకి మంద కాసేవాళ్లంతా ‘గొల్లకురుమలే’. 2017 జూన్‌లో మొదలైన గొర్రెల పంపిణీ పథకం కూడా ఇద్దర్నీ కలిపే చూసింది. 75 శాతం సబ్సిడీ మీద యూనిట్‌కి 20 గొర్రెలు, ఒక పొట్టేలు. అందుకే రెండూ ఒకటే కులం అనుకుంటారు చాలామంది. కానీ కాదు.

పెళ్లి మాటలప్పుడు తేడా బయటపడుతుంది. కురుమల్లో ఉన్ని కంకణం, పత్తి కంకణం అని రెండు శాఖలున్నాయి. పెళ్లిలో చేతికి కట్టే కంకణం ఉన్నిదా, నూలుదా అన్నదాన్ని బట్టి వచ్చిన పేర్లివి. పాతకాలంలో ఒక శాఖవాళ్లు ఇంకో శాఖతో వియ్యమందేవాళ్లు కాదు. వీళ్ల కులదైవం బీరప్ప, ఆయన కథ చెప్పేది ఒగ్గువాళ్లు. గొల్లల సంగతి వేరు. ఎర్ర గొల్ల, పూజ గొల్ల, పాకనాటి, పెద్దేటి... ఈ పేర్లన్నీ 1909లో వచ్చిన ఎడ్గర్ థర్స్టన్ పుస్తకంలోనే ఉన్నాయి. వీళ్ల పెద్ద జాతర సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద రెండేళ్లకోసారి జరుగుతుంది.

ఉత్తరాది అహీర్లలో యదువంశీ, నందవంశీ, గ్వాలవంశీ అని శాఖలు. అహీర్, గొల్ల లాంటి పశుపాలక కులాలన్నిటికీ ‘యాదవ’ అనే ఉమ్మడి పేరు గట్టిపడింది 1924లో అఖిల భారత యాదవ మహాసభ ఏర్పడ్డాకే.

అసలు చిక్కు కాగితం దగ్గర. తెలంగాణ జాబితాలో ‘యాదవ (గొల్ల)’ బీసీ-డి, కురుమ బీసీ-బి. బి గ్రూపుకి 10 శాతం, డి గ్రూపుకి 7 శాతం కోటా. ముస్లింలలో కొన్ని వర్గాలకు ఉన్న 4 శాతం బీసీ-ఇ కూడా ఇదే జాబితాలోది. ‘గొల్లకురుమ’ అన్న కులం మాత్రం ఏ గ్రూపులోనూ లేదు. బడిలో వేసేటప్పుడు తెలియక అలా రాయిస్తే, ఆ పిల్లలు పెద్దయ్యాక మీసేవలో అర్జీ పెట్టుకున్నప్పుడు ఇబ్బంది పడేది వాళ్లే.

పక్కనే బీదర్. అక్కడ గొల్లలు కేటగిరీ-1లో, కురుబలు 2ఏలో ఉన్నారు. అక్కడి నుంచి కోడలిగా వచ్చిన అమ్మాయికి పుట్టింటి కులం మారదు గానీ, కర్ణాటక సర్టిఫికెట్‌తో ఇక్కడి రాష్ట్ర కోటా అడగడం కుదరదు.

సర్టిఫికెట్‌లో ఉన్ని కంకణమా, పూజ గొల్లనా అని రాయక్కర్లేదు. తండ్రి లేదా తోబుట్టువుల పాత సర్టిఫికెట్, స్కూల్ టీసీ దగ్గర పెట్టుకుని, కులం పేరు జాబితాలో ఉన్నట్టే ఉందో లేదో ముందే చూసుకుంటే చాలు.