గని అడుగున 65 డిగ్రీలు, ఇంట్లో గీజరుకు కరెంటు

కోలారు బంగారు గనుల్లో (కేజీఎఫ్) ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్ల లోతు దాటింది. ఆ అడుగున రాతి వేడి సుమారు 65 డిగ్రీలు. చలిదేశాల్లో గది వెచ్చబడేందుకు నేల కింది గొట్టాల్లో పారించే నీళ్లకు 35 నుంచి 40 డిగ్రీలుంటే చాలు.

నిజానికి కోలారు రాయి అంత వేడిదేమీ కాదు. లోపలికి దిగేకొద్దీ కిలోమీటరుకు పెరిగేది 13 డిగ్రీలే. చాలా దేశాల్లో 25 నుంచి 30 దాకా పెరుగుతుంది. గనివాళ్లను ఉడకబెట్టిన దాంట్లో గాలి వాటా కూడా ఉంది. కిందికి దిగే పొడి గాలి తన బరువుకే నొక్కుకుపోయి, కిలోమీటరుకు 10 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. అందుకే 1930ల్లోనే అక్కడి ఊరిగాం గనిలో గాలిని చల్లబరిచే యంత్రాలు పెట్టారు. 1902లోనే శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి కరెంటు అందుకున్న ఊరికి అది సాధ్యమైంది.

హీట్ పంపు అన్నా ఆ యంత్రమే. వేడిని పుట్టించదు, ఒకచోట లాగి మరోచోట వదులుతుంది. గనికి చల్లదనం కావాలి, ఇంటికి వెచ్చదనం కావాలి, తేడా అంతే.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడి, తోడే పంపులు ఆగాక లోపల నీళ్లు చేరాయి. ఇంగ్లండులోని గేట్స్‌హెడ్‌లో ఇలాంటి పాత బొగ్గుగని నీళ్లతోనే, అవి 15 డిగ్రీలే అయినా, 2023 నుంచి 6 మెగావాట్ల హీట్ పంపు నడుస్తోంది. మరి ఇక్కడ? యూనిట్ కరెంటు 860 లీటర్ల నీటిని ఒక్క డిగ్రీ వేడెక్కిస్తుంది. ఆ లెక్కన వెయ్యి లీటర్లను 10 డిగ్రీలు చల్లబరిస్తే 11.6 యూనిట్ల వేడి దక్కుతుంది. 100 మీటర్లు తోడడానికి అర యూనిట్ చాలు. లెక్క కుదిరింది గానీ, ఆ వేడి ఎవరికి కావాలి?

కేజీఎఫ్‌లోని రాబర్ట్‌సన్‌పేటలో పదడుగుల చదరపు గది, నాలుగంగుళాల కాంక్రీటు నేల అనుకోండి. దాన్ని 8 డిగ్రీలు పెంచడానికే 4 యూనిట్లకు పైగా వేడి పోతుంది. చలికాలం రాత్రి 15 డిగ్రీల చుట్టుపక్కల ఉండే ఊళ్లో నేల వెచ్చబడేసరికి తెల్లారి ఎండొస్తుంది. దానికన్నా మంచి రగ్గు కొనుక్కోవడం మేలు.

హీట్ పంపు పనికొచ్చేది స్నానానికి. 100 లీటర్లను 22 నుంచి 45 డిగ్రీలకు తేవడానికి గీజరుకు 2.7 యూనిట్లు కావాలి. చుట్టూ ఉన్న గాలి నుంచి వేడి లాగే హీట్ పంపు, పెట్టిన కరెంటుకు మూడింతల వేడి ఇస్తే 0.9తో సరి. గాలి వెచ్చగా ఉన్నకొద్దీ దాని పని సులువు కాబట్టి కోలారు వాతావరణం దానికి కలిసొస్తుంది. కాకపోతే ట్యాంకు కావాలి, గాలాడే చోటు కావాలి, నీళ్లు కాగడానికి గంటలు పడుతుంది.

సొంత డాబా ఉన్నవాళ్లు ముందు సోలార్ చూసుకోవాలి, ఎండ ఊరికే వస్తుంది కదా! రోజుకు 2,000 లీటర్ల వేడినీళ్లు కావాల్సి, పైకప్పు చాలని హాస్టల్‌కైతే గీజర్లతో 54 యూనిట్లు, హీట్ పంపుతో 18.