పిల్లవాని పుట్టినదినము

పుట్టినదినపు వేడుక కోరని బిడ్డ యుండడు. బడిపంతుళ్ల యిండ్లలో జీతము మాసాంతము వరకు నిలుచుటయు నరుదు. ఈ రెంటికిని పొత్తు కుదుర్చుట యెట్లో మే మనుభవముచే నేర్చికొన్నది మనవి చేయుచున్నాము.

నిరుడు మా పిల్లవానికి తొమ్మిదేండ్లు నిండినవి. తోటివాని యింట చూచివచ్చిన వేడుకయే తనకును కావలెనని పట్టుపట్టెను. అంగడి కేకు, రంగు బుడగలు, వచ్చినవారికెల్ల బహుమానపు సంచులు, అన్నియు గలిసి 5,000 రూపాయలైనవి. అందు సగ మప్పు. అది తీరుటకు మూడు నెలలు పట్టినది.

అంతకంటె మమ్ము బాధించిన సంగతి వేరొకటి కలదు. మా వీథి చివర బట్టలు కుట్టువారి కుమారుడు మావానికి ప్రాణమిత్రుడు. వాడు నాడు రాలేదు. మరునా డడుగగా తల వంచుకొని, "ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదండీ, పంతులమ్మగారూ" అనెను. మన యింటి వేడుక పొరుగింటికిని బరువగునని మాకంతవరకు తోపనే లేదు.

ఈ యేడు ముందుగనే పిల్లవానిని చేరదీసి యీ మాట చెప్పితిమి. వాడు కొంతసేపాలోచించి, "వాడు తప్పకుండా రావాలమ్మా. కేకు లేకపోయినా సరే, ఆటలు మాత్రం చీకటిపడేదాకా ఉండాలి" అనెను.

ఉదయమున నువ్వులనూనెతో తలంటి, హారతి యిచ్చి, పెద్దలకు మ్రొక్కించితిమి. నువ్వులును బెల్లమును కలిపిన పాలు త్రాగించి మార్కండేయుని, చిరంజీవుల నేడ్గురను తలపించుట మన పెద్దలనాటి యాచారము. దీనికగు వ్యయ మత్యల్పము.

పిలుపునకు పిల్లవానిని వెంటబెట్టుకొని మేమే పది యిండ్లకు పోతిమి. కానుకలు తేవలదనియు, నోటికి వచ్చిన పద్యములు తెచ్చిన చాలుననియు తల్లులతోనే చెప్పితిమి. సాయంకాలము నాలుగు గంటలకు రమ్మంటిమి. ఆ వేళకు భోజన మక్కరలేదు, ఫలహారము చాలును.

అరకిలో మినపప్పును దోరగా వేయించి పిండి పట్టించి, 400 గ్రాముల బెల్లపు తురుమును, పావుకిలో నేతిని కలిపినచో చిన్న సున్నుండలు సుమా రిరువదియైదగును. ఇవి నిలువ యుండును గాన రెండు దినములు ముందే చేసికొనవచ్చును. ఒక కిలో బియ్యపు పులిహోర పదిమంది పిల్లలకును ఇంటివారికిని సరిపోయినది. ఆకుదొప్పలలో వడ్డించినందున అంట్లు తోముకొను శ్రమయు తప్పినది.

దాగుడుమూతలు, కోతికొమ్మచ్చి యైన పిమ్మట పద్యముల యంత్యాక్షరి పెట్టితిమి. ఒకరి పద్యము ముగిసిన యక్షరముతో మరియొక రందుకొనవలెను. బట్టలు కుట్టువారి పిల్లవాడు వేమన పద్యము లొకటివెంట నొకటి చదివి కడవరకు నిలిచెను. వానికన్ని పద్యములు వచ్చునని పంతులుగారికే తెలియదట!

మొత్తము వ్యయము 500 రూపాయలకు లోపు. అప్పు లేదు. రానివాడును లేడు.

వెళ్లునపు డా పిల్లవాడు మా కొంగు పట్టుకొని, "మా చెల్లికి ఒక సున్నుండ ఇస్తారా అండీ?" అని యడిగెను. నిరుడు గడప త్రొక్కుటకే సిగ్గుపడినవాడు నేడు నోరు తెరచి యడిగెను గదా యని సంతోషించి, రెండు పొట్లము కట్టి యిచ్చితిమి.