తాళము పడిన లాప్‌టాప్

పంచాయతీ కార్యాలయములో బీరువా తాళపుచెవి పోయినచో ఏమి చేయవలెనో మన గ్రామములలో అందరికిని తెలియును. తాళములు బాగుచేయువానిని పిలిపింతురు, ఇద్దరు సభ్యుల యెదుట తీయింతురు, పంచనామా వ్రాసికొందురు. కాని నేడు ఇంటిపన్ను లెక్కలు, తీర్మానముల నకళ్లు, లబ్ధిదారుల జాబితాలు బీరువాలో కంటె లాప్‌టాప్‌లో ఎక్కువగా ఉండుచున్నవి. దాని తాళము తెరచు రహస్యపదమును, అనగా పాస్‌వర్డును, మరచినప్పుడు ఎవరిని పిలువవలెను?

కార్యదర్శి ఒకరు బదిలీపై వెళ్లినారనుకొందము. కొత్తగా వచ్చినవారు మీట నొక్కగానే కంపెనీ గుర్తు కనబడి, వెంటనే ఒక చిన్న గడి వచ్చి పాస్‌వర్డు అడుగును. విండోస్ ఇంకను మొదలే కాలేదు. పాత కార్యదర్శికి ఫోను చేసి, వారు చెప్పినది కొట్టి చూచినను తెరచుకొనదు. మూడు మారులు తప్పు పడగానే అనేక యంత్రములు మొరాయించి, ఆపి మరల వేయువరకు మాట వినవు.

ఇది విండోస్ తాళము కాదు, బయోస్ తాళము. విద్యుత్తు అందగానే యంత్రములో మొట్టమొదట మేలుకొను చిన్న ప్రోగ్రామునకు బయోస్ అని పేరు. అది మదర్‌బోర్డు మీది ఒక చిప్పులో ఉండును. కీబోర్డు, మెమరీ, డిస్కు సరిగా ఉన్నవో లేవో చూచి, అటుపిమ్మట విండోస్‌కు పని అప్పగించును. ఇప్పటి యంత్రములలో దాని స్థానమున యూఈఎఫ్ఐ వచ్చినను, వాడుకలో పాత పేరే నిలిచినది. విండోస్ తాళము ఇంటిలోని గది తలుపు వంటిదైనచో, ఇది వీధి గుమ్మపు తాళము. కనుక విండోస్‌ను మరల వేయించినను, డిస్కును మార్చినను ఇది తొలగదు.

“లోపలి చిన్న బ్యాటరీ తీసి పెట్టిన చాలును” అని చెప్పువారు ప్రతి ఊర ఒకరుందురు. ఆ మాటకు మూలము లేకపోలేదు. 1984లో ఐ.బి.ఎం. కంపెనీ తెచ్చిన పి.సి. ఏ.టి. నాటినుండి యంత్రపు అమరికలను బ్యాటరీ బలముతో నిలుచు చిన్న మెమరీలో దాచు పద్ధతి వ్యాపించినది. తరువాతి డెస్కుటాపులు అనేకములలో పాస్‌వర్డు కూడ అచ్చటనే ఉండెడిది. రూపాయి బిళ్ల వంటి మూడు వోల్టుల బ్యాటరీని కొంతసేపు తీసినచో అది చెరిగిపోయెడిది. లాప్‌టాప్ చంకన పెట్టుకొని పోదగిన వస్తువు, దొంగకు సులువు. అందుచేత తయారీదారులు బుద్ధిపూర్వకముగానే అనేక లాప్‌టాపులలో పాస్‌వర్డును విద్యుత్తు లేకున్నను చెరగని చిప్పులోనికి మార్చిరి. అట్టివానిలో బ్యాటరీ తీసినందువలన గడియారపు వేళ తప్పును గాని తాళము ఊడదు. మీదుమిక్కిలి, చేయి తిరగనివారు మూత విప్పినచో కాగితము వలె పలుచనైన లోపలి తీగలు తెగును. వారంటీకి కూడ చిక్కు రావచ్చును.

ఇక సక్రమమైన మార్గము. లాప్‌టాప్ జిల్లా కార్యాలయము ద్వారా వచ్చినదైనచో మొదట ఆ కార్యాలయము నడుగవలెను. అన్ని యంత్రములకు ఒకే పాస్‌వర్డు పెట్టి పంపుట కద్దు. అచ్చట తెలియనిచో తయారీ కంపెనీ సేవాకేంద్రమే గతి. కొన్ని కంపెనీలు కొన్ని నమూనాలకు, యజమాని ఎవరో రుజువైన పిమ్మట, తాళము విడుదల చేయు సంకేతమును ఇచ్చును. మరికొన్నింట ఆ వీలు లేదు. లెనోవో థింక్‌ప్యాడ్ యంత్రములలో పర్యవేక్షక పాస్‌వర్డు మరచినచో తమ సిబ్బంది సైతము దానిని తీయజాలరనియు, కొనుగోలు రుజువు చూపి, రుసుము చెల్లించి మదర్‌బోర్డు మార్పించుకొనవలసినదే ననియు ఆ కంపెనీ పుస్తకములే చెప్పుచున్నవి. ఇది కఠినముగా తోచవచ్చును. కాని అడిగినవారికెల్ల తెరచి ఇచ్చు తాళమును తాళమనరు.

మన పంచాయతీలకు చిక్కు వచ్చునది ఈ రుజువు దగ్గరనే. యంత్రము పంచాయతీదని ఊరంతయు ఎరుగును, సేవాకేంద్రము ఎరుగదు. బిల్లు ఎవరి పేరనో ఉండును. దాని నకలు మన దస్త్రములో ఉండదు. కావున లాప్‌టాప్ అడుగుభాగమున ఉన్న సీరియల్ నంబరును స్టాకు రిజిష్టరులో ఎక్కించితిమా లేదా అని సభ్యులు ఈ నెల సమావేశముననే విచారింపవలెనని మా మనవి. బిల్లు లేనిచో చలానా, ఆ రిజిష్టరు పుటకు ధ్రువీకరించిన నకలు, సర్పంచి సంతకముతో ఉత్తరము సిద్ధపరచుకొని, ఇవి చాలునా అని సేవాకేంద్రమును ముందుగానే అడుగుట మేలు.

ఈలోగా లెక్కలన్నియు పోయినవని గాభరా పడవలదు. 2020 ఏప్రిల్ 24న ఆరంభమైన ఈ-గ్రామ్‌స్వరాజ్‌లో ఎక్కించిన పద్దులు దూరపు సర్వరులో భద్రముగా ఉన్నవి. మరియొక కంప్యూటరునుండి పని సాగించవచ్చును. లాప్‌టాప్‌లోనే దాచిన కాగితముల సంగతి వేరు. సాధారణముగా బయోస్ తాళము డిస్కును ముట్టదు. డిస్కును విప్పి వేరొక యంత్రమునకు తగిలించి చదువవచ్చును. అయితే డిస్కుకే ప్రత్యేకముగా పాస్‌వర్డు పెట్టియున్నచో అది వేరొక యంత్రములోను తెరచుకొనదు. బిట్‌లాకర్ అను రక్షణ ఉన్నచో 48 అంకెల పునరుద్ధరణ సంఖ్య కావలెను. మదర్‌బోర్డు మార్చిన పిమ్మట కూడ దానినే అడుగును. కొన్ని పలుచని లాప్‌టాపులలో డిస్కు మదర్‌బోర్డుకే అతికియుండును. బోర్డుతో పాటు కాగితములును పోవును గనుక, మార్పునకు ఒప్పుకొనుటకు ముందే ఈ సంగతి అడిగి తెలిసికొనవలెను.

తక్కువ సొమ్ముకు తాళము తీసెదమను అంగళ్లు పట్టణములలో కలవు. కొన్ని పాత నమూనాలలో వారు తీయగలరు కూడ. కాని ఆ డిస్కులో ఊరివారి ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు ఉన్నవి. తీర్మానము లేక, పంచాయతీ మనిషి దగ్గర లేక, దానిని రాత్రికి అంగడిలో వదలి వచ్చుట తగదని మేము గట్టిగా చెప్పుచున్నాము.

చార్జి అప్పగించు నాడు రొక్కము, రశీదు పుస్తకములు, తాళపుచెవుల వరుసలోనే లాప్‌టాప్ పాస్‌వర్డులను కూడ చేర్చవలెను. దిగిపోవువారు, ఎక్కువారు ఇద్దరును కలిసి యంత్రమును పూర్తిగా ఆపి, మరల వేసి, పాస్‌వర్డు పనిచేయుట కన్నులార చూచిన పిమ్మటనే సంతకము చేయవలెను. బయోస్ పాస్‌వర్డు, బిట్‌లాకర్ సంఖ్య ఒక కాగితముపై వ్రాసి, కవరులో పెట్టి, సర్పంచి, కార్యదర్శి అడ్డముగా సంతకములు చేసి లక్కముద్ర వేసి బీరువాలో ఉంచవలెను. పాస్‌వర్డు మార్చిన ప్రతి మారును పాత కవరు చింపివేసి, తేదీ వేసి కొత్తది పెట్టవలెను.