ప్రావిడెన్సు నడిబొడ్డున కళాకారుల సొంతిల్లు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో విస్తీర్ణమున మిక్కిలి చిన్నదైన రోడ్ ఐలండునకు ముఖ్యపట్టణమగు ప్రావిడెన్సు, నేతమిల్లులతోను నగల కర్మాగారములతోను ఒకప్పుడు సిరులతో తులతూగిన నగరము. మిల్లులు దక్షిణాదికి తరలిపోవుటయు, హైవేలు పడినంతనే కలిగిన కుటుంబములు శివార్లకు వలసపోవుటయు, అంగళ్లు వారి వెంటనే నడచుటయు ఒకదాని వెనుక నొకటిగా సంభవింపగా, 1940లో రెండున్నర లక్షలు దాటియున్న జనసంఖ్య 1980 నాటికి సుమారు లక్షా యేబదియేడు వేలకు దిగజారెను. ఔట్‌లెట్ అను పెద్ద డిపార్టుమెంటు స్టోరు సైతము 1982లో మూతపడెను. ఆఫీసులు కట్టివేసినంతనే వీధులు నిర్మానుష్యములై, మేడల పై అంతస్తులు పాడుపడియుండిన దినములవి.

అట్టి తరుణమున, 1985లో, అంబర్టో క్రెంకా అను చిత్రకారుడు మిత్రులతో గూడి, చేతిలోని 800 డాలర్లే పెట్టుబడిగా ఏఎస్220 అను సంస్థను నెలకొల్పెను. దాని మూలసూత్రము సాహసోపేతమైనది: రోడ్ ఐలండు వాసి యెవ్వడైనను తన చిత్రమును ఇచ్చట వ్రేలాడదీయవచ్చును, తన పాటను పాడవచ్చును, ఎంపిక చేయు న్యాయనిర్ణేతలుండరు, కత్తెర వేయువారును ఉండరు, వంతు వచ్చువరకు వేచియుండుటయే నియమము. ఇట్లైన నాసిరకపు రచనలు వచ్చిపడవా యని అడుగువారు కలరు. వచ్చును, రానిండు. తొలి అవకాశమే దొరకక మూలబడిన ప్రతిభ ఎంతయో ఏ నిర్ణేతయు లెక్కగట్టి చెప్పజాలడు గదా!

అయినను ఈ సంస్థ చరిత్రలో నాకు అన్నింటికంటె ముఖ్యమని తోచునది ఈ సూత్రము కాదు, స్థిరాస్తి. పాడుపడిన పేటలో అద్దె చౌక గనుక కళాకారులు చేరుదురు. వారి సందడికి జనము వత్తురు. జనమును చూచి హోటళ్లు వెలయును. అంతట అద్దెలు పెరిగి, ఆ పేటకు ప్రాణము పోసినవారే మూటాముల్లె సర్దుకొని పోవలసివచ్చును. అనేక మహానగరములలో జరిగిన కథ ఇదియే. ఈ ప్రమాదమును ముందుగనే గుర్తెరిగి, ఏఎస్220 వారు 1990ల ఆరంభముననే ఎంపైర్ వీధిలో శిథిలావస్థలోనున్న ఒక భవనమును, అప్పులు తెచ్చియు విరాళములు కూడగట్టియు, కొనివేసిరి.

ఆ భవనములో క్రింద చిత్రశాల, నాటకరంగము, భోజనశాల, బారు వెలసినవి. పైన కళాకారులు కాపురముండి పనిచేసికొను గదులు, వారందరికి ఉమ్మడి వంటిల్లు. అద్దె సామాన్యులకు అందుబాటులో నుండును. క్రింది అంతస్తున వ్యాపారములు చెల్లించు కిరాయి పై గదుల భారమును కొంత మోయును. తదుపరి సంస్థ చేపట్టిన డ్రేఫస్ హోటలు భవనము 2007లోను, 1901 నాటి మర్కంటైల్ బ్లాకు 2010లోను పునరుద్ధరింపబడి ఇదే పద్ధతిని నడువసాగెను. మర్కంటైల్ బ్లాకులోని ముద్రణశాలలో సీసపు అక్షరములు పేర్చి అచ్చువేయు పాత యంత్రములు కలవు. తెరముద్రణ బల్లలు కలవు. నెలసరి రుసుము చెల్లించి ఎవరైనను వానిని వాడుకొనవచ్చును. బాలనేరస్థుల నిర్బంధ పాఠశాలకు సైతము ఈ సంస్థ ఉపాధ్యాయులు పోయి బోధింతురు. విడుదలైన పిల్లలు తిన్నగా సంస్థ స్టూడియోలకే వచ్చి, మొదలిడిన పనిని కొనసాగించుకొనుటకు వీలు కలదు. ఈ ఏర్పాటు ఒక్కటియే చాలును, సంస్థను మనసార మెచ్చుకొనుటకు.

నగరము పుంజుకొనుటకు ఇది యొక్కటే కారణమని చెప్పుట న్యాయము కాదు. పూడ్చివేసిన నదులను ప్రభుత్వము తిరిగి వెలికితీసినది. 1994 నుండి ఆ నదులపై వాటర్‌ఫైర్ అను ప్రదర్శనలో వెలిగించు అగ్నికుండములు వేలాది జనమును ఆకర్షించినవి. ఐనను ఆ జనము రాకతో పెరిగిన విలువలో కళాకారులకు స్థిరమైన వాటా దక్కించిన ఘనత ఏఎస్220దే. క్రెంకా ముప్పది యేండ్లు నడిపి నాయకత్వము నుండి తప్పుకొన్న పిమ్మటను గదుల అద్దె నిర్ణయించు అధికారము ఏ బయటి యజమాని చేతికిని పోలేదు.