పాత డీజిలు ట్యాంకును తీయించుట

బావులకు ఆయిలింజన్లు బిగించి నీరు తోడిన రోజులలో కొందరు రైతులు, మిల్లుల యజమానులు డీజిలు నిలువకు ఇనుప ట్యాంకులను నేలలో పాతించిరి. కరెంటు మోటార్లు వచ్చిన పిదప ఇంజన్లు మూలబడినవి. ట్యాంకులు కొన్ని మట్టిలోనే ఉండిపోయినవి. రేణిగుంట చుట్టుపట్ల మీ చేనిలోగాని, క్రొత్తగా కొన్న స్థలములోగాని అట్టిది ఉన్నచో, దానిని తీయించుటకు ముందు ఈ సంగతులు తెలిసికొనవలెను.

ఖాళీ ట్యాంకే ఎక్కువ అపాయము

ఖాళీ ట్యాంకులో అడుగున మిగిలిన చమురు ఆవిరియై గాలితో కలియును. డీజిలు 35 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలోనే అంటుకొనగల ఆవిరిని విడువవచ్చును. మన ఎండలు మే నెలలో 40 డిగ్రీలు దాటుట మీరెరుగుదురు. అట్టి ట్యాంకును గ్యాసు కట్టరుతో కోసినచో పేలవచ్చును. ఈ ఆవిరి గాలికంటె బరువైనది. మూత తెరచినంత మాత్రమున పోదు. ఇనుము తుప్పు పట్టునపుడు లోపలి ప్రాణవాయువు కూడ తగ్గిపోవును. లోనికి దిగిన కూలి సొమ్మసిల్లును. వానిని రక్షింపబోయిన రెండవవాడును పడిపోవును.

కంట్రాక్టరును ఏమి అడుగవలెను?

పాత ఇనుము వ్యాపారి ఊరికే తీసికొనిపోయెదనని, పైగా డబ్బు ఇచ్చెదనని చెప్పవచ్చును. ఆ బేరములో శుభ్రపరచు ఖర్చు చేరియుండదు. పని అప్పగింపక ముందే ఈ ప్రశ్నలు అడిగి, జవాబులను ఒప్పందములో వ్రాయించుకొనవలెను.

1. మిగిలిన చమురును, మడ్డిని ఎవరికి చేర్చెదరు? 2016 నాటి నిబంధనల ప్రకారము నూనె మడ్డి ప్రమాదకర వ్యర్థము. అనుమతి గలవారికే ఈయవలెను. కాలువలోగాని, గట్టుపైగాని పోయరాదు.

2. ఆవిరి పోయినదని ఎవరు పరీక్షించెదరు? అర్హుడైన వ్యక్తి సాధనముతో పరీక్షించి, వ్రాతపూర్వకముగా ధ్రువపరచనిదే నిప్పు పని చేయనీయరాదు.

3. కూలీలకు భీమా ఉన్నదా?

4. గుంటను ఏ మట్టితో, ఎవరు పూడ్చెదరు?

చివరి వాయిదా సొమ్మును మడ్డి చేర్చిన రసీదు చూచి, గుంట పూడ్చిన తరువాతనే చెల్లించవలెను.

1934 నాటి పెట్రోలియం చట్టము ప్రకారము డీజిలు మొత్తము 2,500 లీటర్లకు, ఒక్కొక్క పాత్ర 1,000 లీటర్లకు మించనపుడే లైసెన్సు అక్కరలేదు. మీ ట్యాంకు అంతకు పెద్దదైనచో పని మొదలుపెట్టకముందే పెట్రోలియం, పేలుడు పదార్థముల భద్రతా సంస్థను సంప్రదించవలెను.

నేలను, బావిని చూచుకొనుట

ట్యాంకు లేచిన వెంటనే గుంట అడుగు మట్టిని వాసన చూడవలెను. ఇసుక పాలు గల మన ఎర్రనేలలలో చమురు త్వరగా దిగును; నీటికంటె తేలిక గనుక బావిలో పైన తెట్టుగా తేలును. తెట్టు గాని వాసన గాని కనబడినచో ఆ నీరు త్రాగరాదు, పశువులకు పెట్టరాదు; పరీక్ష చేయించి, కాలుష్య నియంత్రణ మండలికి తెలుపవలెను.

కొద్దిగా తడిసిన మట్టిని తిరిగి గుంటలో వేయక, బావికి దూరముగా టార్పాలిను పై పలుచగా పరచి, పశువుల ఎరువు, కొంచెము యూరియా కలిపి, తేమ ఆరకుండ అప్పుడప్పుడు తిరుగవేయవలెను. సూక్ష్మజీవులు కొన్ని నెలలలో చమురును చాలవరకు హరించును. వాన నీటికి కొట్టుకొనిపోకుండ కప్పి ఉంచవలెను.

తీసిన ట్యాంకును కోసి నీళ్ల తొట్టిగాగాని, ధాన్యపు గాదెగాగాని వాడరాదు.

మన ప్రాంతమున అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవన వర్షములు పడును. నీరు నిండిన గుంటలో ఖాళీ ట్యాంకు పైకి తేలి ఒరిగిపోగలదు. కావున వానలు వెలిసి ఎండలు ముదరని జనవరి, ఫిబ్రవరి నెలలు ఈ పనికి అనుకూలము.